మీ పని అయిందండి

తెనాలి
12 జూన్ 2008

చెల్లెమ్మ వాగ్దేవికి,

మీ దావీదన్నయ్య రాస్తున్నాను. కవర్లో ఉత్తరంతో పాటు ఒక సీడీ ఉంది. మన 'మొలక' నాలుగో విడుదలకి మచ్చు. ముందు ఉత్తరం చదువు, సీడీ తర్వాత పెడుదువుగాని. మెయిల్ కొట్టొచ్చు కదా అంటావు. మన గుంపులో ఎవరి మెయిల్ ఎవరికి చేరుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఈ సంగతి ముందు నీకొక్కదానికే చెప్పాలి.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా కంప్యూటర్ సెంటర్లో అందరం కూర్చున్నాం. మొలక మొదలుపెట్టినప్పుడు అనిరుధ్, నేను ఇద్దరమే. కంప్యూటర్ని నడిపే వ్యవస్థ మొత్తం తెలుగులో ఉండాలి, ఎవరైనా ఉచితంగా వాడుకోవాలి, మార్చుకోవాలి, పక్కవాళ్ళకి కాపీ తీసి ఇవ్వాలి అన్నది వాడి పట్టుదల. ఇప్పుడు చూడు, రేపల్లెలో మీ సరోజ వదిన పనిచేసే బడి దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల ఎన్ని చోట్ల నడుస్తోందో. వాడే చూడలేకపోయాడు.

అసలు సంగతికి వస్తాను. నెట్ గుర్తు మీద నొక్కగానే మొదట తెరుచుకునే బ్రౌజర్ ఇప్పటిదాకా 'గువ్వ'. వాడు ఒంటిచేత్తో రాసింది. దాని బదులు ఫైర్‌ఫాక్స్‌ని డిఫాల్ట్‌గా పెడదామని జంపని నుంచి వచ్చే విజయసారథి అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. కొత్తగా వస్తున్న వెబ్‌సైట్లు గువ్వలో సగం సగం కనిపిస్తున్నాయట. నిజమే, నేనూ చూశాను. గువ్వను పారేయం. మెనూలో ఉంటుంది, కావలసినవాళ్ళు తెరుచుకుంటారు.

"మీరేమంటారు సార్?" అని నన్నడిగారు. వాగ్దేవిని అడిగి చెప్తానన్నాను. విజయసారథి మొహం చిట్లించి, "ఆవిడ ఓటేస్తే అది బ్రౌజర్‌కి వేసినట్టు కాదు కదండి" అన్నాడు. కోప్పడకు. మనసులో ఉన్నది దాచుకోవడం చేతకాని మనిషి.

అనిరుధ్ పోయినప్పటి నుంచి దాని తప్పులు దిద్దుతున్నది నువ్వే. అందుకని నిన్ను అడగకుండా ఏమీ చెయ్యను. ఆలోచించి రాయి.

ఇట్లు
దావీదు


బాపట్ల
20 జూన్ 2008

దావీదన్నయ్యకి,

నమస్కారం. మీరు చెప్పిన వరసలోనే ఉత్తరం ముందు చదివాను. ఆ తర్వాత సీడీ పెట్టబుద్ధి కాలేదు. ఇంకా కవర్లోనే ఉంది.

విజయసారథికి నా మీద ఉన్న అనుమానం సబబే. నేను బ్రౌజర్‌కి మాత్రమే ఓటెయ్యలేను. కాకపోతే బ్రౌజర్‌కి కూడా వేస్తాను, అది ఆయనకి చెప్పండి. మా స్కూల్లో ఉన్నవి ఎవరో వాడి వదిలేసిన పాత కంప్యూటర్లు. వాటిలో ఫైర్‌ఫాక్స్ తెరవమని నొక్కి, నేను పలక మీద ఒక లెక్క చేయించి వచ్చినా అది ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. గువ్వ నొక్కీ నొక్కగానే వస్తుంది. మన సీడీ వాడే బళ్ళలో కొత్త కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయో ఆయన్నే చెప్పమనండి.

మెనూలో ఉంటుందని రాశారు. మెనూలో ఉన్నదాన్ని ఎవరు వెతుక్కుంటారన్నయ్యా? మొదట ఏది తెరుచుకుంటే జనానికి అదే నెట్. రెండోది ఉందని కూడా వాళ్ళకి తెలియదు.

ఇక మీకు మాత్రమే రాస్తున్నది. గువ్వలో పేజీ దొరక్కపోతే ఏం చెప్పాలి అని మా ఆయన అన్నం తింటూ నన్నడిగారు. ముందు రాసింది 'కోరిన పుట లభ్యము కాలేదు' అని. "ఇదేంటి, రైల్వే స్టేషన్ మైకా?" అన్నాను. ఆయన నవ్వి, ఎడం చేత్తో కీబోర్డు లాక్కుని అక్కడికక్కడ మార్చేశారు. 'దొరకలేదండి. ఇంకోసారి చూద్దామా?' అని. ఆ తర్వాత అన్నీ అలాగే రాసుకుంటూ పోయారు. మీకు తెలుసుగా, రిక్షా అతన్నీ అండీ అనేవారు, పాలు పోసే అబ్బాయినీ అండీ అనేవారు. గువ్వా అందరినీ అలాగే పలకరిస్తుంది.

ఆయన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. ఫోటో మాట్లాడదు. గుంటూరు ఆసుపత్రిలో జ్వరం ఎక్కువయ్యాక ఆయన నాతో మాట్లాడలేదు, ఎవరితోనో ఏదో అన్నారు. మాట అంటూ నాకు మిగిలింది ఇదొక్కటే. అది తెలుగునాట ఏదో ఒక బల్ల మీద రోజూ ఎవరితోనో మాట్లాడుతోంది అనుకుంటే నాకు అన్నం సయిస్తోంది.

ప్రోగ్రాం రాయడం ఆయన పోయాకే నేర్చుకున్నాను, ఆయన రాసింది చదువుకుంటూ. ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాను. సగం కనిపించే పేజీలు నేను సరిచేస్తాను. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను, తియ్యొద్దు.

వదినకి నా నమస్కారాలు.

వాగ్దేవి


తెనాలి
3 జూలై 2008

చెల్లెమ్మా,

గువ్వ ఉంటుంది. నాలుగో విడుదలలో నెట్ గుర్తు నొక్కితే గువ్వే వస్తుంది. ఇంకేం దిగులు పెట్టుకోకు.

పాత కంప్యూటర్ల సంగతి నువ్వు రాసిందంతా వాళ్ళకి చదివి వినిపించాను. రెండో భాగం చదవలేదులే. విజయసారథి వాదించాడు. "సార్, నెమ్మదిగా తెరుచుకుంటే తిట్టుకుంటారు, అంతే. తప్పుగా తెరుచుకుంటే మోసపోతారు" అన్నాడు. మొలకకి పెద్దదిక్కుగా ఆఖరి మాట నాదని నాకు గుర్తొచ్చి, ఆ మాట అనేశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా అనలేదు. అతను సంచీ తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. వస్తాడులే.

రాత్రి మీ వదిన, "నువ్వు వాగ్దేవి కోసం చేశావా, నీ కోసం చేశావా?" అంది. హాస్టల్లో అనిరుధ్, నేను ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాకు కడుపులో నొప్పి వస్తే నా బట్టలు కూడా వాడే ఉతికాడు. మీ వదిన ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు.

సీడీలు వచ్చేవారం అన్ని బళ్ళకీ పంపిస్తున్నాం. నువ్వు సరిచేసినవి ఉంటే వెంటనే పంపు.

దావీదు


బాపట్ల
18 ఆగస్టు 2008

అన్నయ్యా,

ఈసారి మంచి కబురు. మా స్కూల్లో ఆయా పేరు ఆదిలక్ష్మి. గువ్వలో ఆవిడ పేరు ఎప్పుడూ ముక్కలై కనిపించేది, క్ష ఒకచోట, దాని కింద ఉండాల్సిన మ పక్కకి జారిపోయి. నెల రోజులు దాంతోనే కుస్తీ పట్టి సరిచేశాను. ఆవిడని పిలిచి చూపించాను. "నా పేరేనా? ఇప్పుడు నిండుగా ఉందమ్మా" అని తడిచెయ్యి తుడుచుకుని తెర ముట్టుకుంది. ఆయన ఉంటే ఆవిడకి కుర్చీ వేసేవారు.

రెండోది కుదరలేదు. కొత్త వెబ్‌సైట్లలో పేజీతో పాటు చిన్న చిన్న ప్రోగ్రాంలు వస్తున్నాయి కదా, గువ్వకి వాటిని నడపడం రాదు. అది నేర్పాలంటే గువ్వంత ఇంకోటి రాయాలి. నాకు దారి తెలియడం లేదు. విజయసారథి గారు కోపం తగ్గి వచ్చారా? ఆయనకి తెలిసే ఉంటుంది. నేను అడిగితే చెప్తారా?

రేపల్లెలో వదిన వాళ్ళ బడిలో నాలుగో విడుదల ఎలా నడుస్తోంది? ఇంటర్ అయిపోయిన పాత పిల్లలు కూడా దరఖాస్తులకి అక్కడికే వస్తున్నారని ఆమధ్య వదిన ఫోన్లో చెప్పింది. వింటే ఎంత తృప్తిగా ఉందో. మధ్యలో నేను రాసిన ఇంకో ఉత్తరానికి జవాబు రాలేదు. పనుల్లో ఉండి ఉంటారు. ఒక ముక్క రాయండి.

మీ చెల్లెలు
వాగ్దేవి


తెనాలి
6 అక్టోబరు 2008

శ్రీమతి వాగ్దేవి గారికి,

మొలక తర్వాతి విడుదల జనవరిలో వస్తుంది. అందులో ఫైర్‌ఫాక్స్ డిఫాల్ట్‌గా ఉంటుంది. గువ్వ మెనూలో కూడా ఉండదు. సీడీలోంచి పూర్తిగా తీసేస్తున్నాం. ఇప్పటికే గువ్వ ఉన్న బళ్ళకి కూడా దాన్ని తీసేయమని కబురు పెడుతున్నాం.

ఇది గుంపు నిర్ణయం. నా నిర్ణయం కూడా. గువ్వ మీద మీరు ఇక శ్రమ పడనవసరం లేదు. ఇంతకాలం మీరు చేసిన పనికి అందరి తరఫున కృతజ్ఞతలు.

దావీదు


బాపట్ల
13 అక్టోబరు 2008

దావీదు గారికి,

మీరు పిలిచిన పిలుపుకి తగ్గట్టు నేనూ గారు అనే రాస్తున్నాను. పన్నెండేళ్ళ నుంచి మీరు నన్ను చెల్లెమ్మా అన్నారు. నువ్వు అన్నారు. ఆయన్ని తీసుకొచ్చిన అంబులెన్సులో నా పక్కన కూర్చున్నది మీరు. ఇప్పుడు ఎవరో ఆఫీసరు సంతకం పెట్టి పంపినట్టు ఈ నాలుగు ముక్కలా?

డిఫాల్ట్ నుంచి తీసేయడం అర్థం చేసుకుందును. మెనూలో ఒక మూల కూడా ఉండకూడనంత తప్పు అదేం చేసింది? జూలైలో గువ్వ ఉంటుంది, దిగులు పెట్టుకోకు అని రాసింది మీ చెయ్యే కదా. మూడు నెలల్లో ఏమైంది? విజయసారథి గారు తిరిగి వచ్చి షరతు పెట్టారా? లేకపోతే గువ్వని మోసీ మోసీ మీకు విసుగొచ్చిందా?

పోయినవాళ్ళని ఎవరూ ఎల్లకాలం మొయ్యరని నాకు తెలుసు. మా అత్తగారు ఆయన చొక్కాలు పంచిపెట్టినప్పుడు నేనేమీ అనలేదు. ఆయన స్కూటర్ అమ్మేసినప్పుడూ అనలేదు. గువ్వ దగ్గర మాత్రం మీరున్నారని ధైర్యంగా ఉన్నాను. ఆయన్ని మట్టి చేసిన రోజు నేను ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. ఈ రోజు మీ మీద తెచ్చుకుంటున్నాను.

కారణం మీరు చెప్పకపోతే వదినని అడుగుతాను. స్కూల్ పని మీద రేపల్లె వెళ్ళాల్సింది ఎలాగూ ఉంది. వాళ్ళ లాబ్ చూసి, గువ్వ ఎవరికి ఏం కీడు చేసిందో నా కళ్ళతో చూసుకుంటాను.

వాగ్దేవి


తెనాలి
17 అక్టోబరు 2008

చెల్లెమ్మా,

రేపల్లె వెళ్ళొద్దు. వెళ్ళాల్సే ఉంటే ముందు తెనాలి రా, ఇద్దరం కలిసి వెళ్దాం. నీ ఉత్తరంలో నన్ను తిట్టిందంతా భరిస్తాను. ఇంకా తిట్టు. నా మీద కోపంతోనే ఉండిపో. కారణం మాత్రం అడగకు.

దావీదు


బాపట్ల
2 నవంబరు 2008

అన్నయ్యా,

వెళ్ళాను.

వదిన నన్ను చూడగానే చేతిలో చాక్‌పీసు కింద పెట్టేసింది. "మీ అన్నయ్య చెప్పలేదా?" అంది. చెప్పలేదన్నాను. తను, "నేను చెప్పను. ఆ పిల్లే చెప్తుంది, రా" అని మధ్యాహ్నం సెలవు పెట్టి నన్ను పక్కనున్న నగరం అనే ఊరికి తీసుకెళ్ళింది.

మీకు తెలిసిందే అయినా నేను రాయాలి. రాయకపోతే నాకు ఊపిరాడదు.

ఆ పిల్ల పేరు చంద్రకళ. వదిన దగ్గర పదో తరగతి దాకా చదివింది. నాన్న పున్నయ్య, అమ్మా ఇద్దరూ కూలికి వెళ్తారు. నర్సింగ్‌లో చేరాలని ఇంటర్ పాసయ్యాక దరఖాస్తు పెట్టుకుంది. ఆ కాలేజీ వాళ్ళది వెబ్‌లోనే పంపాలి. జూలైలో మన నాలుగో విడుదల వేసిన వారానికి వదిన వాళ్ళ లాబ్‌కి వచ్చి, తనే కూర్చుని అంతా నింపింది. చివర్న మీట నొక్కింది.

ఆ మీట వెనక ఒక చిన్న ప్రోగ్రాం నడవాలి. గువ్వకి నడపడం రాదు. రాదని చెప్పకుండా, ఖాళీ పేజీ తిరిగి రాగానే, పని జరిగిపోయిందనుకుని 'మీ పని అయిందండి. ఇక నిశ్చింతగా ఉండండి' అని చెప్పింది. దరఖాస్తు ఎక్కడికీ వెళ్ళలేదు.

మేం వెళ్ళేసరికి చంద్రకళ అప్పుడే రొయ్యల షెడ్డు నుంచి వచ్చింది. పొద్దున్నించీ ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచి వేళ్ళన్నీ తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. వదినని చూసి చేతులు వెనక దాచుకుంది. నేనెవరో వదిన చెప్పలేదు. కంప్యూటర్ల మనిషి అని మాత్రం అంది.

"ఫారం వెళ్ళిందో లేదో ఇంకొకరిని అడగాలనిపించలేదామ్మా?" అన్నాను.

"ఎందుకడుగుతానండి? అయిపోయిందని తెర మీద చెప్పింది కదండి. ఎంత మర్యాదగా చెప్పిందనుకున్నారు! అండీ అందండి నన్ను. మాకెవరూ అట్టా చెప్పరండి. ఏ ఆఫీసుకెళ్ళినా రేపు రా, ఎల్లుండి రా అంటారు. అది నిశ్చింతగా ఉండమంది. నిశ్చింతగానే ఉన్నానండి. లిస్టులో నా పేరు లేదన్నా కూడా వాళ్ళే పొరపాటు పడ్డారనుకున్నా."

నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను.

పున్నయ్య బయట చుట్ట ఆర్పి లోపలికి వచ్చాడు. వచ్చే ఏడు మళ్ళీ పంపిద్దాం అని వదిన అంటే, "ఏడాదిపాటు పిల్లని ఖాళీగా కూకోబెట్టే ఇల్లా మేడమ్ మాది? షెడ్డులో కుదిరింది. అట్టా పోనియ్యండి" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. చంద్రకళ నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆ పిల్ల కళ్ళల్లో మళ్ళీ రాస్తాననే ఆశ నాకు కనపడలేదు. వెతికాను.

వచ్చేసేటప్పుడు నేనే ఉండబట్టలేక చెప్పాను. "ఆ మాట రాసింది మా ఆయనమ్మా" అని.

చంద్రకళ నన్ను ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాను.

"మంచాయన అయ్యుంటారండి" అంది.

ఇంటికి వచ్చి గువ్వ ప్రోగ్రాంలో ఆ చోటు తెరిచి చూశాను. ఖాళీ పేజీ వస్తే ఆ మాట చెప్పమని ఉన్న వరస పక్కన, తను గుర్తు పెట్టుకోవడానికి ఆయన తెలుగులో రాసుకున్నారు. 'ఇది అన్నిసార్లూ నిజం కాకపోవచ్చు. తర్వాత చూడాలి.'

ఈ ఏడాదిన్నరలో నేను ఆ వరస ఎన్నిసార్లు చదివి ఉంటానో. చదివిన ప్రతిసారీ ఆయన చేతిరాత చూసినట్టు మురిసిపోయానే గాని, ఏమన్నారో పట్టించుకోలేదు.

వాగ్దేవి


తెనాలి
21 డిసెంబరు 2008

చెల్లెమ్మా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేకపోయాను. రాయడం, చింపడం, ఇదే పని.

సెప్టెంబరులో మీ వదిన బడి నుంచి వచ్చి చెప్పింది. మర్నాడే నేనూ, విజయసారథీ ఆ కాలేజీకి వెళ్ళాం. తగవు మాని నా వెంట వచ్చాడు అతను, ఒక్క మాట దెప్పలేదు. సీట్లు నిండిపోయాయి, దరఖాస్తే రానప్పుడు మేమేం చేస్తామండి అన్నారు. వాళ్ళన్నది న్యాయమే. వాళ్ళ గేటు బయట నిలబడి విజయసారథి, "వాగ్దేవి గారికి చెప్తారా?" అన్నాడు. నీకు తెలిస్తే గువ్వలో ఇక వాడి గొంతు వినపడదు, ఆ పిల్ల ఏడుపే వినపడుతుంది అనిపించింది. నేను నీకు పరాయివాణ్ణైతే ఫరవాలేదు, వాడు నీకు ఎప్పటిలాగే ఉండాలనుకున్నాను. అందుకే గారు అని రాశాను. ఆ ఒక్క కాగితం రాయడానికి మూడు రోజులు పట్టింది.

మీ వదిన జూలైలో అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పాను. గువ్వని ఉంచింది నీ కోసం కాదు. నువ్వు తియ్యొద్దనాలనే నీకు రాశాను. నువ్వు వద్దంటే, నేను కాదు వాగ్దేవి అంది అని చెప్పుకోవచ్చు కదా. తియ్యడానికి నాకే చెయ్యి రాలేదు. వాడు బతికుంటే ఈపాటికి తనే తీసి అవతల పడేసి ఉండేవాడు.

ఒకటి అడుగుతాను. ఫైర్‌ఫాక్స్ చెప్పే మాటలు కూడా మన సీడీ వరకు మనం తెలుగులో ఎలా కావాలంటే అలా పెట్టుకోవచ్చు. అది కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే కదా. గువ్వలో అనిరుధ్ రాసినవన్నీ తీసి అందులో పెడదామని విజయసారథే అన్నాడు. చెప్పాలంటే, రెండు రోజులు కూర్చుని అన్నీ ఏరి పెట్టాడు. పేజీ దొరక్కపోతే అనిరుధే పలుకుతాడు. నువ్వు ఊఁ అంటే చాలు.

మొన్న చర్చిలో క్రిస్మస్ పాటలకి పిల్లలు గొంతు కలుపుతుంటే నేను బయటికి వచ్చేశాను. మీ వదిన వచ్చి పక్కన నిలబడింది.

దావీదన్నయ్య


బాపట్ల
25 జనవరి 2009

అన్నయ్యా,

వద్దు. విజయసారథి గారికి నా కృతజ్ఞతలు చెప్పండి, ఆయన అంత పని చేశారంటే కళ్ళు చెమర్చాయి. అయినా వద్దు. మా ఆయన ఆ మాటలు తను రాసిన దానికి రాసుకున్నారు. ఏ మాట ఎప్పుడు పలకాలో ఆయనకి తెలుసు, తెలియని చోట తర్వాత చూడాలి అని రాసుకున్నారు. చూసేవాళ్ళు లేరు. ఇంకోదాని నోట పెట్టి పలికిస్తే ఆ మాటలు ఎక్కడ ఎవర్ని నమ్మిస్తాయో మనకేం తెలుసు? పని కాకపోతే కాలేదని పెట్టండి. కనపడేటట్టు పెద్దక్షరాలతో పెట్టండి. మర్యాద తగ్గినా ఎవరూ ఏమీ అనుకోరు.

మీరు పంపిన కొత్త సీడీ తీసుకుని నిన్న రేపల్లె వెళ్ళాను. అక్కడ గువ్వని నా చేత్తోనే తీసేస్తానని వదినకి ముందే చెప్పాను. చంద్రకళ ఇంటికి కూడా వెళ్దామనుకున్నాను. వదిన ఆపింది. ఆ పిల్లకి వచ్చే నెలలో పెళ్ళట. అబ్బాయి కూడా ఆ షెడ్డులోనే పని చేస్తాడట. మేడమ్‌ని పిలవాలని శుభలేఖ తెచ్చి ఇచ్చిందట. దరఖాస్తు ఊసు ఎత్తలేదట. చదువుకునేటప్పటి పుస్తకాలు మాత్రం లాబ్‌లో ఎవరికైనా ఇమ్మని వదిలి వెళ్ళింది. బల్ల మీద ఉన్నాయి. అట్టలు వేసి, పేరు ముత్యాల్లా రాసుకుంది.

పిల్లలు ఆటలకి వెళ్ళాక మొదలుపెట్టాను. వదిన, "నువ్వు బయట కూర్చో, నేను చేస్తాలే" అంది. వినలేదు. తీసేయమని చెప్పగానే కంప్యూటర్, 'నిజంగా తీసేయమంటారా?' అని అడిగింది. అది మామూలుగా ఎవరినైనా అడిగేదే. ప్రతిదాని దగ్గరా అడిగింది. అవును అని కొట్టాను. పక్కదానికి జరిగాను. మళ్ళీ అడిగింది. అవును అని కొట్టాను. కిటికీ పక్కనున్న చివరిదాని దగ్గరకి వచ్చేసరికి వేలు కదల్లేదు. వదిన నా చెయ్యి పట్టుకోలేదు, నా బదులు నొక్కనూ లేదు. నా వెనక నిలబడి చిన్నగా ప్రార్థన చేసుకుంటోంది. అది అయ్యేదాకా ఆగి నొక్కాను.

ఇంటికి వచ్చి ఇక్కడిది కూడా తీసేశాను. నా దగ్గర ఉంచుకున్న కాపీలు కూడా. తియ్యమని అడిగేవాళ్ళు ఎవరూ లేరని తెలిసే చేశాను. ఒకటి ఉంచుకుంటే ఎప్పుడో ఒకప్పుడు దాన్ని మళ్ళీ నలుగురిలోకి పంపాలనిపిస్తుంది నాకు. నా సంగతి నాకు తెలుసు.

రేపల్లె నుంచి వచ్చేటప్పటి ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన నడివయసావిడ ఒకరు, ఒళ్ళో కూరగాయల సంచి. బస్సు ఊరు దాటిందో లేదో నాకు ఏడుపు వచ్చింది. ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందిస్తూ తిరిగాను అన్నయ్యా, మీరే చూశారుగా. గట్టి మనిషి అన్నారు అందరూ. నిన్న బస్సు నిండా జనం ఉండగా నోట్లో కొంగు కుక్కుకున్నా ఆగలేదు.

"ఏంటమ్మా, ఏమైంది? ఒంట్లో బాలేదా?" అంది ఆవిడ. తల అడ్డంగా ఊపాను.

"ఎవరన్నా పోయారా తల్లీ?"

"మా ఆయనండి."

"అయ్యో! ఎప్పుడమ్మా?"

"ఈరోజేనండి" అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. దిద్దుకోవాలనిపించలేదు. ఆవిడ సంచి కింద పెట్టి నా తల తన భుజానికేసి పెట్టుకుంది. నగరం వచ్చింది. కండక్టరు ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, నగరం, దిగండి" అని కేకేశాడు. "నువ్వు పోనియ్యవయ్యా" అంది ఆవిడ. బాపట్ల దాకా నాతోనే వచ్చింది. స్టాండులో నన్ను ఆటో ఎక్కించి, కూరగాయల సంచి పట్టుకుని, వెనక్కి పోయే బస్సు కోసం ఎండలో నిలబడింది.

మీ చెల్లెలు
వాగ్దేవి